గ్రంథము చదివి గానము చేసిన కవి - పురుషోత్తమ చౌదరి

నౌపడ ఉప్పుమళ్లకు పేరుపొందిన ఊరు. 1900లో అచ్చటినుండి పర్లాకిమిడికి చిన్న రైలుమార్గము ఏర్పడెను. అంతకు నూరేండ్ల ముందు ఆ సీమలో బాటసారికి కాలినడకయు, ఎద్దుబండియు, పల్లకియు మాత్రమే దిక్కు. తెలుగును ఒరియాయు పక్కపక్కనే వినవచ్చు ఆ నేలపై పుట్టి, ఒక గ్రంథపఠనముచే జీవితమునే మార్చుకొని, చదివినదానిని తెలుగు కీర్తనలుగా పాడిన మహనీయుడు పురుషోత్తమ చౌదరి.

ఆయన 1803లో, నేడు శ్రీకాకుళం జిల్లాలో నున్న తలతంపర గ్రామమున జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. తండ్రి పేరు వినగానే సమీపమునందలి శ్రీకూర్మక్షేత్రము తలపునకు వచ్చును. వంగదేశమునుండి తరలివచ్చిన బ్రాహ్మణ కుటుంబము వారిది. ఇంట వైష్ణవభక్తి, చదువుపై శ్రద్ధ సమానముగా వెలసినవి. బాల్యమునందే ఆయనకు తెలుగు, సంస్కృతము, ఒరియా, వంగభాషలతో పరిచయము కలిగెను. ఛందస్సు తెలిసినవారు, కంఠమాధుర్యము కలవారు. కాని ముక్తి యెట్లు లభించునను ప్రశ్న మాత్రము యౌవనమునుండియు ఆయనను విడువలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన గ్రంథము అంతకుముందే తెలుగుతీరమున ప్రవేశించియుండెను. 1805లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను నిరువురు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరను బ్రాహ్మణ పండితుని సాయముతో సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను గతించిరి. వారి శ్రమఫలమగు మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. 1818లో క్రొత్త నిబంధన యంతయు తెలుగులో మదరాసున వెలువడెను. పూర్తి బైబిలు తెలుగువారి చేతికందుటకు శతాబ్ది మధ్యభాగము వరకు వేచియుండవలసి వచ్చెను. కావున పురుషోత్తముని యౌవనమునాటికి తెలుగు పాఠకునికి లభ్యమైన క్రైస్తవ గ్రంథసంపద మిక్కిలి స్వల్పము.

ఆ స్వల్పములోనిదే, విశాఖపట్టణమునుండి వెలువడిన చిన్న తెలుగు పుస్తక మొకటి ఆయన చేతబడెను. దానిని చదివి ఆయన మిన్నకుండలేదు. విశాఖపట్టణమునకు పోయి మిషనరీలతో ప్రసంగించిరి; లేఖనములను తెప్పించుకొని పరిశీలించిరి. తాను నేర్చిన శాస్త్రములను ఒకవైపు, క్రొత్తగా దొరకిన సువార్తలను మరియొకవైపు నుంచుకొని తూచిచూచిరి. ఒకరు చెప్పగా నమ్ముట ఆయన స్వభావము కాదు. చదివి, తర్కించి, హృదయమున నిలుపుకొనిన పిమ్మటనే నిర్ణయమునకు వచ్చిరి.

ఆ నిర్ణయము వెల తక్కువది కాదు. ఆ కాలమున బ్రాహ్మణుడు మతము మార్చుకొనుట యనగా పంక్తిభోజనము, బంధుత్వము, ఇల్లు, పరువు అన్నియు ఒక్కదినమున కోల్పోవుట. ఆ సంగతి ఎరిగియే ఆయన 1833లో కటకమునకు పోయి, ఆంగ్ల బాప్తిస్టు మిషనరీ చార్లెస్ లేసీ చేతులమీదుగా బాప్తిస్మము పొందిరి. భార్య రాధామణీదేవి మొదట ఆయన మార్గమును అనుసరింపలేదు. కొంతకాలమునకు ఆమెయు ఆయనతో చేరిరి.

అటుపిమ్మటి దీర్ఘజీవితమంతయు పఠనము, బోధ, రచన అను మూడింటితో నిండెను. ఆయన ప్రత్యేకత ఇచ్చటనే తెలియును. ఇంగ్లీషు పాటలను, రాగములను యథాతథముగా తెచ్చుకొనుటతో ఆయన తృప్తిపడలేదు. పల్లవి, చరణములతో, రాగతాళములతో నడచు తెలుగు కీర్తనయే తన భక్తికి తగిన పాత్రమని గ్రహించిరి. పశ్చాత్తాపము, శరణాగతి, క్రీస్తుని శ్రమలు, పునరుత్థానము మున్నగునవి ఆయనకు వస్తువులు. సువార్తలో చదివిన కథ కీర్తనలో ప్రార్థనగా మారును. శరణాగతి పలుకుబడి చిన్ననాటి వైష్ణవ సంస్కారమునుండి, విషయము గ్రంథమునుండి వచ్చినవి. ఆ రెండును ఆయన గళమున కలిసిపోయినవి. కీర్తనలే గాక శతకమును, కులభేదమును విమర్శించు రచనయు చేసిరి. నూటికి మించిన ఆయన కీర్తనలలో అనేకము ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటములో చేరి, సంఘభేదము లేక ఆరాధనలలో పాడబడుచున్నవి.

ఈ కీర్తనలవలన మరియొక మేలు జరిగెను. నాటి పల్లెప్రజలలో అక్షరము తెలిసినవారు కొద్దిమంది. గ్రంథము చదువలేని రైతు, కూలి, వృద్ధురాలు కీర్తనను కంఠస్థము చేసికొని దానిలోని కథను, భావమును గ్రహింపగలిగిరి. చదివిన ఒకరి జ్ఞానము చదువని వందలమందికి పాటగా అందెను. ఉపాధ్యాయునికి ఇంతకుమించిన ఆదర్శము వేరొకటి యుండదు.

1890లో ఆయన పరమపదించిరి. జన్మస్థలమున నేర్చిన తెలుగును మాత్రము ఆయన ఎన్నడును విడువలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరి, ఆ సీమ రెండు రాష్ట్రములుగా విడిపోయినను, ఆయన పాటకు ఆ సరిహద్దు అడ్డురాలేదు.

గ్రంథములను చదువువారు అనేకులు. చదివినది బ్రతుకులోనికి దిగినప్పుడే పఠనము సార్థకమగును. ఏ మతస్థుడైనను, ఏ గ్రంథము చదివినను, ప్రశ్నించి చదువుట, నమ్మినదానికి వెల చెల్లించుట, పొందినదానిని తన ప్రజల భాషలో పంచుట అను మూడు పాఠములను విద్యార్థి పురుషోత్తమ చౌదరి చరిత్రనుండి గ్రహింపవచ్చును.