వేటగాని గాజుబంతి

ట్రాప్ షూటింగు పందెములలో నేడు గాలి కెగురునది మట్టిబిళ్ల. గచ్చిబౌలిలో తుపాకి గురి సాధించు మన యువకులు, ఒకనాడు దాని స్థానమున బ్రతికిన పావుర ముండెనని తెలిసికొనవలెను. ఈ మార్పునకు త్రోవ తీసినవారిలో ఆడమ్ బొగార్డసు ముఖ్యుడు.

1833లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించిన ఇతడు ఇల్లినాయి రాష్ట్రమందలి ఎల్కార్టు అను చిన్న యూర స్థిరపడెను. పక్షులను కొట్టి బజారున కమ్ముట వృత్తి. 1871లో ఐరా పేనును గెలిచి అమెరికా విజేత యయ్యెను.

గాజుబంతులు అంతకుమున్నే కలవు. కాని అవి తిన్నగా పైకి లేచుటచే గురి సులభమయ్యెను. 1877లో బొగార్డసు వానిని పక్షివలె వంపుగా విసరు యంత్రమును, రవ్వలు జారిపోని గరుకుబంతిని కల్పించెను. 1880లో లిగౌస్కీ మట్టిబిళ్లను తెచ్చెను. 1913లో బొగార్డసు మరణించెను.

పక్షులను చంపి బ్రతికినవాడే, నేర్పు చూపుటకు ప్రాణహింస యక్కరలేదని నిరూపించెను. విజయములకంటె నిదియే ఆయన ఘనకార్యమని మా యభిప్రాయము.