ఫ్లారెన్సు నైటింగేలు చరిత్రము

నర్సువిద్య నభ్యసింపగోరు బాలికలు మన నందికొట్కూరు ప్రాంతమునను గలరు. వారి తల్లిదండ్రులకు సంతోషముతోపాటు, రోగుల అంటువ్యాధులు తమ బిడ్డలకు సోకునేమో యను భయమును గలదు. ఆ భయము నిష్కారణమైనది కాదు. కావున నైటింగేలు దొరసాని చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీని ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, ధనికులైన ఆంగ్లదంపతులకు జన్మించెను. ఆ కాలమున నర్సుపని హీనముగా నెంచబడుచుండుటచే ఇంటివారు సమ్మతింపరైరి. అయినను ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీయందలి కైసర్స్‌వెర్తులో రోగిసేవ నభ్యసించెను.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లెను. రాత్రివేళల దీపము చేతబూని రోగులను పరామర్శించుచుండెను. అచ్చట గాయములకంటె అంటువ్యాధులచేతనే ఎక్కువమంది సిపాయిలు మరణించుచుండిరి. సేవచేయ వచ్చిన నర్సులలోను కొందరు జ్వరమునకు బలియైరి. 1855 మే నెలలో బాలక్లావాయందు ఆమెకును తీవ్రజ్వరము సోకి ప్రాణాపాయము కలిగెను. కోలుకొనిన పిదప స్వదేశమునకు మరలక, యుద్ధము ముగియువరకు పనిచేసెను. అటుపిమ్మట బహుకాలము మంచము పట్టియుండెను.

అయినను ఊరకుండలేదు. 1860లో లండనులోని సెయింటు థామసు వైద్యశాలయందు నర్సుల పాఠశాలను నెలకొల్పెను. నర్సు చేతులను మాటిమాటికి కడుగుకొనవలెనని బోధించెను. సూక్ష్మక్రిముల సిద్ధాంతమును ఆమె చాలకాలము నమ్మకున్నను, శుభ్రతనుగూర్చి చెప్పినది నిలిచినది. 1863లో ముద్రితమైన వైద్యశాలల గ్రంథమున, 15 లండను వైద్యశాలల నర్సుల మరణములను లెక్కించి, సామాన్యస్త్రీలకంటె వారే అంటువ్యాధులచే ఎక్కువగా మరణించుచుండిరని చూపెను. నివారింపదగిన వ్యాధిచే నేర్పరియైన నర్సును గోల్పోవుట, మంచి సిపాయిని గోల్పోవుటకంటెను గొప్ప నష్టమని ఆమె తలంచెను.

మనదేశమును చూడకున్నను, 1876-78 నాటి కరవు మన సీమను దహించినపుడు కాలువలు త్రవ్వింపవలెనని పత్రికలకు వ్రాసెను. 1910 ఆగస్టు 13వ తేదీని తొంబదియేండ్ల ప్రాయమున మరణించెను.

మనము ఆమె దీపమును కొనియాడుదుము గాని ఆమె లెక్కలను మరతుము. 2020లో కరోనా వ్యాపించినపుడు నర్సులను దేవదూతలని పొగడితిమి. పొగడ్త వారిని కాపాడదు. సబ్బు, నీరు, చేతితొడుగులు, మాస్కులు, హెపటైటిసు-బి టీకా, వాడిన సూదులను వేయుటకు గట్టి పెట్టె, ఇవియే వారిని కాపాడును. బాలికలారా, ధైర్యముతో వెళ్లుడు. అయితే రక్షణ లేక పనిచేయుటయే త్యాగమని భ్రమపడకుడు. తల్లిదండ్రులారా, బిడ్డను వైద్యశాలకు పంపునపుడు జీత మెంతయని అడుగునట్లే, ఈ రక్షణయు కలదా యని అడుగుడని మా మనవి.