కొలిమి దగ్గర మూడు నిమిషాలు

జులై వచ్చిందంటే మా హాస్టల్లో క్రికెట్ కాకుండా ఇంకో పిచ్చి మొదలవుతుంది. టూర్ ద ఫ్రాన్స్ ఫ్యాంటసీ లీగ్. మేం ఆడేది ఎనిమిది మందిమి. ఇరవై ఒక్క స్టేజీలు, మూడు వారాలు, తలా తొమ్మిది మంది రైడర్లు, కెప్టెన్‌కి డబుల్ పాయింట్లు. ప్రతి ఏడూ రేసుకి ముందు ఒక ప్రివ్యూ రాసి గ్రూపులో పెట్టడం నా పని, ఎందుకంటే ఈ దరిద్రానికి కమిషనర్‌ని నేనే.

ఈసారి ప్రివ్యూలో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పొగాచార్ ఇప్పటికే నాలుగుసార్లు గెలిచాడు (2020, 2021, 2024, 2025). అందరూ అతన్నే కెప్టెన్‌గా పెడతారు. అప్పుడు అతని పాయింట్లు అందరికీ సమానమే కాబట్టి, లీగ్‌ని తేల్చేది మిగతా ఎనిమిది పేర్లే. కొండల్లో ఒకడు, స్ప్రింట్లలో ఇద్దరు, తెల్ల జెర్సీ కోసం ఒక కుర్రాడు, ఇలా చూసుకోండి. పడిపోయే అలవాటున్నవాణ్ణి ఎంత చవగ్గా దొరికినా కొనకండి.

ఈ చివరి సలహా రాస్తుండగానే యూజెన్ క్రిస్టోఫ్ గుర్తొచ్చాడు. వందేళ్ళ కిందట మా లీగ్ ఉండుంటే అతన్ని కొన్నవాడి కొంప మునిగేది. అయినా నేను కొనేవాణ్ణి. అందుకే ఈసారి ప్రివ్యూ బదులు అతని కథ రాస్తున్నాను.

క్రిస్టోఫ్ పుట్టింది 1885లో, పారిస్‌ని ఆనుకుని ఉన్న మలకోఫ్‌లో. 1970లో పోయాడు. సైకిల్ ఎక్కకముందు తాళాలు చేసేవాడు. ఈ తాళాల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1906లో మొదటిసారి టూర్‌కి వచ్చి తొమ్మిదో స్థానంలో నిలిచాడు.

1910లో మిలాన్ - సాన్ రేమో రేసు. ఇటలీలో ఏప్రిల్ నెల, పేరుకి వసంతం, కానీ తుర్కీనో కనుమ మీద మంచు కురుస్తోంది. చలికి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి క్రిస్టోఫ్ సైకిల్ దిగిపోయాడు. దారిలో ఒక సత్రం యజమాని లోపలికి తీసుకెళ్ళి ఒళ్ళు వెచ్చబడేదాకా చూసుకున్నాడు. కాసేపటికి తేరుకుని, వద్దంటున్నా మళ్ళీ ఎక్కాడు. పన్నెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల తర్వాత సాన్ రేమో చేరాడు. మొదటివాడు తనే అన్న సంగతి కూడా అతనికి సరిగ్గా తెలీదు. వెనకాల వచ్చి రేసు పూర్తి చేసినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ గెలుపుకి ప్రతిఫలం నెల రోజులు ఆస్పత్రి మంచం. ఒళ్ళు పూర్తిగా బాగుపడటానికి రెండేళ్ళు పట్టింది.

1912 టూర్‌లో వరసగా మూడు స్టేజీలు గెలిచాడు. అందులో షమొనీ నుంచి గ్రెనోబుల్‌కి వెళ్ళే స్టేజీలో 315 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. చివరి స్టేజీ వరకు గంటల లెక్క తీస్తే అతనే ముందున్నాడు. కానీ అప్పట్లో టూర్‌ని నడిపింది మా లీగ్‌లాగే పాయింట్ల మీద. ఎంత తేడాతో గెలిచావన్నది కాదు, ఎన్నో స్థానంలో వచ్చావన్నదే లెక్క. బెల్జియం వాడు దెఫ్రే గెలిచాడు, క్రిస్టోఫ్ రెండోవాడయ్యాడు. మరుసటి ఏడాది పాయింట్లు ఎత్తేసి మళ్ళీ సమయం లెక్క తెచ్చారు. ఇంకేం, ఈసారి అతనిదే అనుకోవాలి కదా. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మా నాయనమ్మ ఊరికే అనదు.

1913, ఆరో స్టేజీ, బయోన్ నుంచి లుషోన్‌కి 326 కిలోమీటర్లు. పిరనీస్ కొండలు. మొత్తం మీద తనకన్నా ముందున్న దెఫ్రే ఆ రోజే చేతులెత్తేశాడు. క్రిస్టోఫ్ తుర్మాలే కనుమ ఎక్కి, అవతలి వైపు దిగుతున్నాడు. 2115 మీటర్ల ఎత్తు నుంచి, తారు ఎరుగని రోడ్డు మీద. ఉన్నట్టుండి హ్యాండిల్ అదుపు తప్పింది. ముందు ఫోర్కు విరిగిపోయింది.

ఇప్పుడైతే వెనకాలే టీమ్ కారు ఉంటుంది. మెకానిక్ దూకి, కొత్త సైకిల్ చేతికిచ్చి, వెనక నుంచి ఒక తోపు తోస్తాడు. అప్పటి రూల్ ఏంటంటే, సైకిల్‌కి ఏమైనా రిపేర్ ఎవడిది వాడే చేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు. క్రిస్టోఫ్ సైకిల్ భుజానికెత్తుకుని, చక్రం చేత్తో పట్టుకుని, కొండ దిగడం మొదలెట్టాడు. పది కిలోమీటర్లకు పైగా నడక. దాటినవాళ్ళంతా వెనకనుంచి వచ్చి అతన్ని దాటిపోతూనే ఉన్నారు. దారి పొడుగునా ఏడ్చాడంటారు. కింద సాంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో ఒక కమ్మరి కొలిమి దొరికింది.

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో స్మితీ చేసినవాళ్ళకి ఈ సీన్ బాగా అర్థమవుతుంది. నేను గుండ్రటి కడ్డీని చదరంగా సాగగొట్టడానికే రెండు పీరియడ్లు తీసుకున్నాను, అది కూడా ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండి చెబుతుంటే. ఇక్కడ తుర్మాలే ఎక్కి దిగి, పది కిలోమీటర్లు నడిచొచ్చినవాడు, చుట్టూ రేసు అధికారులు నిలబడి తప్పు కోసం చూస్తుంటే, విరిగిన ఫోర్కుని కాల్చి అతకాలి. కమ్మరి నోటితో చెప్పొచ్చు, చెయ్యి మాత్రం వేయకూడదు. తాళాల పని చేసిన చేతులు కాబట్టి ఇనుము మాట విన్నది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక చేత్తో పట్టకారు, ఇంకో చేత్తో సుత్తి పట్టుకున్నవాడికి తిత్తి ఊదడానికి మూడో చెయ్యి లేదు. కొలిమి దగ్గరున్న ఒక కుర్రాడు తిత్తి ఊదాడు.

సుమారు మూడు గంటలు పట్టింది. ఫోర్కు బిగించుకుని, ముందున్న కొండలు కూడా ఎక్కి, మొదటివాడి కంటే దాదాపు నాలుగు గంటలు ఆలస్యంగా లుషోన్ చేరాడు. అధికారులు రూల్ పుస్తకం తీసి కుర్రాడి సాయానికి పది నిమిషాలు పెనాల్టీ వేశారు. తర్వాత దాన్ని మూడుకి తగ్గించారు. నాలుగు గంటలు పోయినవాడికి ఆ మూడు నిమిషాలు ఉంటే ఎంత, పోతే ఎంత? టూర్ తీస్ గెలిచాడు. క్రిస్టోఫ్ మాత్రం మానేయకుండా పారిస్ దాకా తొక్కి ఏడోవాడిగా నిలిచాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి ఉంది. సైకిల్ కంపెనీకి చెడ్డపేరు వస్తుందని, ఫోర్కు విరిగిన సంగతి అతను అప్పట్లో బయటికి చెప్పలేదు.

ఆ తర్వాత యుద్ధం. ఫాబెర్, లపీజ్, పెతీ బ్రెతాన్ - ముగ్గురు టూర్ విజేతలు యుద్ధకాలంలోనే పోయారు. 1919లో రేసు మళ్ళీ మొదలైంది. కరువు కాలం కావడంతో ఎక్కువమందికి ఒకే రకం బూడిదరంగు జెర్సీలు. ముందున్నవాడు ఎవడో జనానికి తెలియడంలేదు. అందుకని నిర్వాహకుడు అన్రీ దెగ్రాంజ్ తన ‘లోటో’ పత్రిక కాగితం రంగులోనే ఒక పసుపు జెర్సీ తెప్పించి, గ్రెనోబుల్‌లో ముందున్నవాడికి తొడిగించాడు. ఆ ముందున్నవాడు క్రిస్టోఫే. ఇవాళ పొగాచార్ వేసుకునే పసుపు జెర్సీని రేసులో మొదట తొడుక్కున్నది ఇతను. తొడుక్కుని చిరాకు పడ్డాడు కూడా, రోడ్డు పక్క జనం కానరీ పిట్ట అని ఆటపట్టించారట.

ఇంకా రెండే స్టేజీలు. చేతిలో దాదాపు అరగంట ఆధిక్యం. మెట్జ్ నుంచి డంకర్క్‌కి 468 కిలోమీటర్లు. యుద్ధం దున్నేసిన రోడ్లు. వాలన్సియెన్ దగ్గర మళ్ళీ ఫోర్కు విరిగింది. మళ్ళీ తనే బాగుచేసుకున్నాడు. ఈలోగా గంటకు పైగా పోయింది, పసుపు జెర్సీ లాంబోకి పోయింది. చివరి రోజు పంక్చర్లు కూడా పడి మూడో స్థానంలో తేలాడు. ఈసారి జనమే తట్టుకోలేకపోయారు. చందాలేసుకుని పదమూడు వేల ఫ్రాంకులకు పైగా పోగుచేసి ఇచ్చారు.

1922లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, గలీబియే కొండ మీద మూడోసారి ఫోర్కు విరిగిందంటే నమ్ముతారా? మన మెటీరియల్స్ క్లాసులో ఫెటీగ్ గురించి చెప్పేటప్పుడు ఇతని ఫోటో పెట్టాలి. 1925లో నలభై ఏళ్ళకి చివరి టూర్ తొక్కాడు. టూర్ ఒక్కసారీ గెలవలేదు. పాత రేసింగ్ సైకిళ్ళ పెడళ్ళకి కాలు బిగించే తోలు పట్టీల మీద మాత్రం చాలాకాలం అతని పేరే ఉండేది.

ఇక నా సంగతి. పోయిన జులైలో మా లీగ్‌లో ఒకడు టీమ్ లాక్ అయ్యే రోజు బస్సులో ఊరికి పోతున్నాడు. నెట్ లేదు. పక్క రూమ్ జూనియర్‌కి ఫోన్ చేసి, తెగిపోతున్న సిగ్నల్లో తొమ్మిది పేర్లు అక్షరం అక్షరం చెప్పి ఎక్కించాడు. మా రూల్ నాలుగు ప్రకారం ఎవడి టీమ్ వాడే ఎక్కించాలి. అంతకుముందు ఏడాది ఒక్కడే రెండు టీములు నడిపాడని పెట్టిన రూల్ అది. రాసింది నేనే. ముప్ఫై పాయింట్లు కోశాను. వాడు లీగ్ ఓడిపోయింది పన్నెండు పాయింట్లతో. ఒక్క మాట అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ల్యాబ్‌లో ఇప్పటికీ ఒకే బెంచీ, అసైన్‌మెంట్లు ఇచ్చిపుచ్చుకుంటాం, సైకిళ్ళ ఊసు మాత్రం రాదు.

అప్పుడు నాకు దెగ్రాంజ్ పేరు కూడా తెలీదు. రూల్ అంటే రూల్ అనుకున్నాను. ఇప్పుడూ ఆ రూల్ తప్పని అనను. పది నిమిషాల్ని మూడు చేసినవాళ్ళకి ఆ రోజు ఏమనిపించి ఉంటుందా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

రూల్ నాలుగు మార్చాలా వద్దా అని గ్రూపులో ఓటింగ్ పెట్టాను. మూడు అవును, మూడు కాదు. ఏడో ఓటు నాది, వేశాను. నిన్న రాత్రి వాణ్ణి మళ్ళీ గ్రూపులో యాడ్ చేశాను. ఇది రాసే సమయానికి ఇంకా ఎగ్జిట్ అవలేదు.