కరువు పిల్లలకు తల్లి పండిత రమాబాయి

కదిరి ప్రాంతంలో కరువు అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. 1876-78 నాటి ధాత కరువు మాట తాతముత్తాతల నుంచి పల్లెల్లో వినబడుతూనే ఉంది. ఆ కరువుకు రెండేళ్ల ముందు, 1874లో, ఆకలి వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఒక పదహారేళ్ల అమ్మాయి తర్వాతి కాలంలో వందలాది కరువు పిల్లలకు తల్లి అయింది. పసివాళ్లకు క్రైస్తవ నీతిని ఆటపాటలతో నేర్పిన తొలితరం భారతీయులలో ఆమె ఒకరు. ఆమే పండిత రమాబాయి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగమూల అడవిలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడవారికి సంస్కృతం కూడదని తోటివారు అడ్డుచెప్పినా ఆయన భార్య లక్ష్మీబాయికి నేర్పారు. ఆ తల్లి తెల్లవారుజామున కూతుర్ని ముద్దుచేసి లేపి, నోటితో పాఠం చెప్పేవారు. ప్రేమగా చెప్పిన చదువు ఎంత గట్టిగా నాటుకుంటుందో రమాబాయికి అప్పుడే తెలిసింది.

పురాణాలు చదువుతూ ఊరూరా తిరగడమే ఆ కుటుంబానికి జీవనాధారం. కరువు వచ్చాక వినేవారు, పెట్టేవారు కరవయ్యారు. చేతిలో ఉన్నదంతా ఖర్చయి తిరుపతి చేరారు. అక్కడి అడవిలో పదకొండు పగళ్లు, పదకొండు రాత్రులు నీళ్లు, ఆకులు, కాసిని ఈతపండ్లతో గడిపారు. తండ్రి అక్కడికి దగ్గరలోనే కన్నుమూశారు. కొద్ది వారాలకే తల్లి పోయింది. ఆ తర్వాత అక్క కూడా పోయింది. మిగిలిన అన్నాచెల్లెళ్లు దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు.

1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరం ఆమె కులం చూడక బిపిన్ బిహారీ మేధావి అనే వకీలును వివాహమాడారు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882లో భర్త కలరాతో మరణించారు. ఇరవైమూడేళ్లకే వితంతువైన రమాబాయి 1883లో బిడ్డతో ఇంగ్లండు వెళ్లి, ఆ సంవత్సరమే క్రైస్తవ మతం స్వీకరించారు.

1886లో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి పసిపిల్లల బడులు ఆమెను ఆకట్టుకున్నాయి. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1840లో ఆ బడికి పిల్లల తోట అని అర్థం వచ్చే కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టాడు. బెత్తం, బట్టీ అక్కడ లేవు. ఉన్ని బంతులు, చెక్క దిమ్మలు, మట్టి, పాట, మొక్కల పెంపకం, ఇవే పాఠాలు. కలిసి ఆడితే పంచుకోవడం వస్తుందని, మొక్కకు నీరు పోస్తే దయ అలవడుతుందని దాని సారం. రమాబాయి ఫిలడెల్ఫియాలో ఈ పద్ధతి నేర్చుకున్నారు.

1889 మార్చి 11న బొంబాయిలో శారదాసదనం తెరిచారు. మరుసటి ఏడాది అది పుణేకు మారింది. బాల వితంతువులకు చదువు చెప్పి, పసిపిల్లలకు పాఠం చెప్పగల పంతులమ్మలుగా తయారుచేశారు. అయితే 1893లో పెద్ద వివాదం రేగింది. ఆమె తలుపు మూయకుండా చేసుకునే ప్రార్థనకు కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. మతం మారుస్తారన్న భయంతో పెద్దలు చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. సలహా సంఘంలోని రనడే, భండార్కర్ వంటి ప్రముఖులు తప్పుకున్నారు. తన నమ్మకాన్ని దాచుకోవడం రమాబాయికి ఇష్టం లేకపోయింది. ఆమె బడి మూయలేదు, ప్రార్థనా మానలేదు.

1896-97లో మధ్య పరగణాలలో కరువు వచ్చింది. తిరుపతి అడవిలో తాను పడ్డ ఆకలి గుర్తుకు వచ్చి రమాబాయి స్వయంగా వెళ్లి, దిక్కులేని ఆడపిల్లలను వందల సంఖ్యలో తీసుకువచ్చారు. పుణే దగ్గర కేడ్గాంలో కొన్న పొలంలో వారిని ఉంచారు. బావులు తవ్వించి, పంటలు వేయించారు. అదే ముక్తిసదనం. దీన్ని ఆమె క్రైస్తవ ఆశ్రమంగానే బాహాటంగా నడిపారు.

ఆకలికి నకనకలాడి వచ్చిన పిల్లల్లో కొందరు దొంగతనం చేసేవారు, అబద్ధాలాడేవారు, తిండి కోసం పోట్లాడుకునేవారు. అలాంటి వారికి దొంగిలించకు అని నీతి చెబితే చెవికెక్కదు. ముందు రోజూ వేళకు అన్నం పెట్టాలి. రేపు కూడా దొరుకుతుందన్న నమ్మకం కుదిరిన బిడ్డే పక్కవాడికి పంచగలదు. పొరుగువారిని ప్రేమించాలన్న క్రీస్తు బోధ అక్కడ అన్ని కులాల పిల్లలు కూర్చున్న ఒకే బంతిలో కనబడేది. చిన్నవాళ్లకు కిండర్‌గార్టెన్, చూపులేనివారికి బ్రెయిలీ, పెద్దవాళ్లకు నేత, అచ్చుపని, వ్యవసాయం నేర్పారు. నేర్చుకున్న పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు పంతులమ్మలయ్యారు.

తల్లికి కుడిభుజంగా నిలిచిన మనోరమ నిజాం రాజ్యంలోని గుల్బర్గాలోనూ బడి నెలకొల్పారు. 1921లో మనోరమ మరణించారు. అప్పటికి రమాబాయి బైబిలును మూలభాషల నుంచి మరాఠీలోకి అనువదించే పనిలో ఉన్నారు. కడుపుకోతతోనే ఆ పని ముగించి 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. 1989లో భారత ప్రభుత్వం ఆమె పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

1975లో దేశంలో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు అన్నమూ ఆటపాటలూ ఒకే కప్పు కింద చేర్చారు. కేడ్గాంలో అంతకు డెబ్భై ఏళ్లకు పైగా ముందే ఆ రెండూ కలిసి సాగాయి. చర్చిలో ఆదివారం బడి నడిపేవారికైనా, పల్లెలో పసిపిల్లలను చూసుకునే ఆయమ్మకైనా రమాబాయి జీవితం చెప్పేది ఒక్కటే. ముందు బిడ్డ ఆకలి తీర్చి, దగ్గరకు తీసుకోవాలి. నీతి పాఠం ఆ తర్వాతే.