తాళ్ళపాక తిమ్మక్క

తాళ్ళపాక అన్నమాచార్యుల పేరు వినని తెలుగువారు లేరు. వేంకటేశ్వరునిపై ఆయన చెప్పిన పదము ఒక్కటైన పలుకని భజనమందిరము అరుదు. కాని, ఆ మహనీయుని ధర్మపత్నియు కావ్యకర్త్రి యని యెరిగినవారు కొలదిమందియే. ఆమె తిమ్మక్క. తిరుమలమ్మ యనియు ఆమెకు పేరు కలదు.

కడప మండలమున రాజంపేట చెంతనున్న తాళ్ళపాక గ్రామము ఆ వంశమువారి నివాసము. అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించిరి. ఆయనకు తిమ్మక్క, అక్కలమ్మ యను ఇరువురు భార్యలు. తిమ్మక్క కుమారుడు నరసింగన్న. అక్కలమ్మ కుమారుడు పెదతిరుమలాచార్యుడు.

తిమ్మక్క రచించినది సుభద్రా కల్యాణము. భారతమందలి ఆదిపర్వకథయే. అర్జునుడు తీర్థయాత్రలు సేయుచు యతివేషమున ద్వారకకు వచ్చుట, సుభద్ర ఆ కపటయతికి పరిచర్య సేయుట, శ్రీకృష్ణుని తోడ్పాటుతో వివాహము జరుగుట మన పెద్దలందరు ఎరిగిన ముచ్చటయే. చేమకూర వేంకటకవి విజయవిలాసమున ఈ కథను శ్లేషలతో, చమత్కారములతో నింపెను. దానిని గ్రహించుటకు పండితుడు ప్రక్కన ఉండవలెను. అంతకు చాల పూర్వమే తిమ్మక్క దీనిని మంజరీద్విపదలో చెప్పినది. రెండేసి పాదముల నడక, ప్రాసనియమము లేదు. అక్షరము రాని ఇల్లాలికైనను నాలుగు మారులు విన్నచో నోటికి వచ్చును. ఆడువారు పాడుకొనుటకు ఇంతకన్న అనువైన ఛందస్సు మరి యేది?

అన్నమాచార్యుల శృంగారమంజరియు ఈ ఛందస్సుననే కలదు. అందు శ్రీవేంకటేశ్వరుని వలచిన చెలువ విరహము వర్ణితము. ఎవరిని జూచి యెవరు వ్రాసిరను వాదము మన కనవసరము. ఒకే యింట, ఒకే ఛందస్సున, భర్త స్వామిపై వలపు పాడగా భార్య పెండ్లికథ పాడినది. ఆయన నీడలో నుండియు ఆమె తన త్రోవను తాను ఎంచుకొన్నది.

పెదతిరుమలాచార్యుని కుమారుడు చిన్నన్న, ద్విపదకవిగా ప్రఖ్యాతుడు. తాతగారి చరిత్రమును ద్విపదలో వ్రాసినవాడు ఈతడే. అష్టమహిషీ కల్యాణము, ఉషాకల్యాణము ఆతని కృతులే. ఆ యింట కల్యాణకావ్యములకు తొలుత పందిరి వేసినది మాత్రము తిమ్మక్కయే. చిన్నన్నను మెచ్చుకొనువారు ఈ మాట తలపకుండుట న్యాయము కాదు.

మొల్ల రామాయణము ఊరూర చదువబడుటచే తొలి కవయిత్రి మొల్లయేయని పలువురు తలచిరి. మొల్ల తిమ్మక్కకు తరువాతిది. పండితు లనేకులు నేడు తిమ్మక్కనే తెలుగున ప్రథమ కవయిత్రిగా నెంచుచున్నారు. అన్నమాచార్యుల పదములును, ఆయన పుత్రపౌత్రుల పదములును తిరుమలలో రాగిరేకులపై నిలిచియుండి 20వ శతాబ్దిలో వెలుగు చూచినవి. ఆ వాఙ్మయమును పరిష్కరించినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు. సుభద్రా కల్యాణమును నేడు అచ్చులో చదువవచ్చును. పెండ్లియిండ్ల ఒకరు చదువగా పదిమంది వినదగిన పొత్తమది.