పేదల దుస్తులను పటములలో నిలిపిన పీటరు బ్రూగెలు

రాజుల జరీ వస్త్రములు పెట్టెలలో భద్రముగా నుండును. పేదవారి బట్ట తల్లి కట్టి విడిచినది కూతురు కట్టును. చినిగిన పిదప బొంత యగును. తుదకు మసిగుడ్డ యగును. అందుచేత ప్రాచీన కాలపు కూలివారు ఏమి ధరించిరో తెలిసికొనుట మిక్కిలి కష్టము. అయినను నేటి బెల్జియము దేశమున నాలుగువందల యేబది యేండ్లకు పూర్వము పొలములలో పనిచేసిన ఫ్లెమిషు స్త్రీల గౌనును చూచినట్లుగా కుట్టగలవారు నేడు కలరు. వారికి దారి చూపినవారిలో ముఖ్యుడు పీటరు బ్రూగెలు అను చిత్రకారుడు.

బ్రూగెలు సుమారు 1525కును 1530కిని నడుమ జన్మించెను. ఆంట్వెర్పు నగరమున పీటరు కూక్ అను గొప్ప చిత్రకారునియొద్ద శిష్యుడుగా నుండెనని, 1604లో చిత్రకారుల చరిత్రలను ప్రకటించిన కారెల్ వాన్ మాండరు వ్రాసెను. 1551లో ఆ నగరపు చిత్రకారుల సంఘమున సభ్యుడయ్యెను. పిదప ఇటలీకి పయనమై, 1553లో రోము నగరమున నుండెను. తిరిగివచ్చి, అచ్చుపటములు ప్రకటించు హీరోనిముస్ కాక్ అను వర్తకునికి చిత్తరువులు గీసి యిచ్చుచు జీవించెను.

ఇటలీ చూచివచ్చిన చిత్రకారులలో పెక్కండ్రు పురాణపురుషులను, దేవతలను చిత్రించుచుండగా, బ్రూగెలు మనస్సు పల్లెలవైపు మరలెను. అతడును, హాన్సు ఫ్రాంకెర్టు అను వర్తకుడును రైతుల దుస్తులు ధరించి, పల్లె పెండ్లిండ్లకు పోయి, చుట్టములమని చెప్పి, కట్నములు చదివించి, బంతిలో కూర్చుండెడివారని వాన్ మాండరు తెలుపుచున్నాడు. అచ్చట భోజనముకంటె ఆ జనుల నడకను, ఆటను, కట్టును కనిపెట్టుటయే బ్రూగెలునకు విందు.

1563లో అతడు బ్రస్సెల్సు నగరమునకు కాపురము మార్చి, తన గురువు కుమార్తెయైన మైకెన్‌ను వివాహమాడెను. ఆమె పసిబిడ్డగా నున్నపుడు అతడే యెత్తుకొని తిరిగెడివాడట. తరువాతి కొలది యేండ్లలోనే అతని ప్రసిద్ధ చిత్రములు వెలువడెను. 1565 నాటి పంటకోత పటము న్యూయార్కులోను, 1566 నాటి పెండ్లినాట్యము డెట్రాయిటులోను, పల్లె పెండ్లి విందు వియన్నాలోను ఉన్నవి.

ఇట్టి పటములు కుట్టుపని నేర్చినవారికి పాఠ్యపుస్తకములు. స్త్రీ మొదట అవిసెనారతో నేసిన తెల్లని లోచొక్కా తొడుగుకొనును. దానిపై ఉన్నిగౌను, రవికభాగము ఒంటికి బిగువుగా నుండి ముందువైపు త్రాటితో అల్లబడును, నడుమునుండి కుచ్చులుపోసిన పావడ దిగును. దీనిమీద ముందు తెరచియున్న మరియొక గౌను తొడుగుదురు. మెడను, భుజములను కప్పుటకు వేరుగా నొక చిన్న తెల్లని వస్త్రము, ముందు పనిగుడ్డ, తలకు తెల్లని గుడ్డ ఉండును. అదే కాలమున ఆంట్వెర్పు సంతలను చిత్రించిన యోఅఖీమ్ బ్యూకెలారు పటములలో మరియొక విశేషము కానవచ్చును. చేతులు గౌనుకు కుట్టక, భుజమువద్ద గుండుసూదులతో గ్రుచ్చబడియుండును. పనివేళ వానిని తీసివేయవచ్చును, ఉతుకుటయు సులభము. పనికత్తెలు పైపావడను ఎగదోపి నడుమున చెక్కుకొనగా లోపలి రంగు బయటపడును. పటము చూచి కుట్టువారు ఈ మడతలనుబట్టియే గుడ్డ యెంత వెడల్పో, అతుకెచ్చటనో ఊహించి, మొదట ముతకగుడ్డతో నమూనా కుట్టి, ఒంటికి సరిచూచి, పిదప ఉన్ని కత్తిరింతురు.

బ్రూగెలు చివరి యేండ్లు కలతలలో గడచెను. 1566లో మతకలహములు చెలరేగెను. 1567లో స్పెయిను రాజు పంపిన ఆల్వా ప్రభువు సేనలతో వచ్చి, పలువురకు మరణశిక్ష విధించెను. కొన్ని చిత్తరువులలోని పరిహాసము మిక్కిలి తీవ్రముగా నుండినందున, తన మరణానంతరము భార్యకు కీడు కలుగునేమోయని, బ్రూగెలు వానిని కాల్పించెనని వాన్ మాండరు వ్రాసెను. 1569లో అతడు కాలధర్మము నొందెను. అప్పటికి పెద్దకుమారుడు పీటరు అయిదేండ్లవాడు మాత్రమే. చిన్నవాడగు యాన్ ఇంకను పసివాడు. యాన్‌నకు రంగులు కలుపుట నేర్పినది చిత్రకారిణియైన అమ్మమ్మయని చెప్పుదురు. ఇరువురును పేరొందిన చిత్రకారులైరి.

కాలిన చిత్తరువు లేవో మన మెఱుగము. కోతపొలమున చెట్టునీడను కూర్చుండి రొట్టె తినుచున్న కూలి స్త్రీ మాత్రము నేటికిని తన గౌనుతో మనయెదుట నున్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! బాన్సువాడ, డోంగ్లి ప్రాంతములకు చెందిన లంబాడీ అవ్వల పెట్టెలలో అద్దములు కుట్టిన కాంచళి, పేటియా నేటికిని ఉండవచ్చును. సెలవులలో ఒక కాగితము, పెన్సిలు తీసికొని, వారి యనుమతితో వానిని గీయుడు. ఎన్ని ముక్కలు కలిపిరో, ముడి యెచ్చట వేసిరో, ఆ కుట్టు ఎవరు నేర్పిరో అడిగి ప్రక్కన వ్రాయుడు. బొంతలో కలిసిపోకమునుపే ఆ పని జరుగవలెను.