సురవరం ప్రతాపరెడ్డి

నేడు కర్ణాటకలో ఉన్న బీదరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. నిజాం నవాబుల కాలంలో ఆ రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే ప్రజలు కలిసి జీవించేవారు. రాజభాష ఉర్దూ. పై చదువులు ఎక్కువగా ఉర్దూలో సాగేవి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కూడా సభల్లో తెలుగు మాట్లాడడానికి జంకేవారు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోగా శ్రోతలు గేలి చేశారు. అటువంటి రోజుల్లో తెలుగుకు గౌరవం తెచ్చిన మహనీయుల్లో సురవరం ప్రతాపరెడ్డి ఒకరు.

ప్రతాపరెడ్డి 1896 మే 28న గద్వాల ప్రాంతంలోని బోరవెల్లి గ్రామంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. తెలుగుతోపాటు సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఆంగ్ల భాషలు నేర్చారు. న్యాయవాదిగా ధనం సంపాదించే అవకాశం ఉన్నా, ఆయన మనసు భాషాసేవ వైపే మొగ్గింది.

ఆయన 1926లో హైదరాబాదు నుండి గోలకొండ పత్రికను ప్రారంభించారు. అది వారానికి రెండుసార్లు వెలువడేది. అందులో పల్లెప్రజల కష్టాలను నిర్భయంగా వ్రాశారు. ప్రభుత్వం ఆంక్షలు విధించినా వెనుకంజ వేయలేదు. అంతవరకు తమ రచనలను అచ్చులో చూసుకోని ఎందరో యువకులకు ఆ పత్రిక ఆసరా అయింది.

ఆ కాలంలో ఒక పండితుడు నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న భావంతో వ్రాశాడు. ఆ మాట ప్రతాపరెడ్డి మనసును నొప్పించింది. కవులు లేకపోలేదు. వారు దూరదూరంగా ఉన్న ఊళ్లలో ఒకరికొకరు తెలియకుండా ఉన్నారు. వారి పద్యాలు తాటాకుల్లోను, చేతివ్రాత పుస్తకాల్లోను ఉండిపోయాయి. ఆయన వాదానికి దిగలేదు. తమ పద్యాలను, జీవిత వివరాలను పంపవలసిందిగా పత్రిక ద్వారా కవులను కోరారు. వచ్చినవాటిని శ్రద్ధగా పరిశీలించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. అందులో 354 మంది కవులున్నారు. పేరుపొందిన పండితులతోపాటు, ఊరు దాటి ఎవరికీ తెలియని కవులకు కూడా చోటు లభించింది. ఒకరి సంగతి ఒకరు తెలుసుకొన్నారు. తాము ఒంటరివారం కామన్న ధైర్యం వారికి కలిగింది. విమర్శకు ఆ గ్రంథమే సమాధానమైంది.

ప్రతాపరెడ్డి 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. రాజుల కథలకు బదులు సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాలను వివరిస్తూ ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాశారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న మరణించారు. ఆయన సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొదటి గ్రంథం అదే.

నిందకు నిందతో బదులు చెప్పడం సులభం. ఊరూరా ఉన్న కవులను వెదికి ఒక్కచోట చేర్చడం కష్టం. ప్రతాపరెడ్డి ఆ కష్టమైన పనినే ఎంచుకొన్నారు. అందువల్లనే నాటి కవుల పేర్లు ఎన్నో నేటికీ నిలిచి ఉన్నాయి.